పత్తి ఇంట్లో ఉన్న రోజుల్లో టపాసులు

శ్రోతలకు నమస్కారం. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో దీపావళి వచ్చేది సరిగ్గా పత్తి ఇల్లు చేరే రోజుల్లోనే. వసారాలో పత్తి, ముందు గదిలో పత్తి, మంచం పక్కనా పత్తే. పెరట్లో గడ్డివాము. పక్క వీధిలో వదిలిన తారాజువ్వ ఎక్కడ వాలుతుందో వదిలినవారికే తెలియదు. టపాసుల చట్టం మాట ఎత్తగానే నా కళ్ల ముందు మెదిలేది ఆ పత్తే.

పండుగకు తాత్కాలిక దుకాణం పెట్టాలంటే, 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం లైసెన్సు తప్పనిసరి. నిప్పంటుకోని సామగ్రితోనే షెడ్డు వేయాలి. దుకాణాల మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి, ఒకదానికొకటి ఎదురుగా ఉండకూడదు. లోపల నూనె దీపం, గ్యాసు దీపం నిషిద్ధం. మరి గుడ్డ పందిరి కింద బల్ల మీద పరిచినవీ, కిరాణా కొట్టులో మంచినూనె డబ్బాల పక్కన పేర్చినవీ మనం ఎందుకు కొంటున్నాం? పది రూపాయలు తగ్గుతాయనే కదా! దయచేసి కొనకండి. ఆ కొట్టు పైనే ఒక కుటుంబం నిద్రపోతుంటుంది.

ఎక్కువ మంది పొరబడేది వేళ దగ్గర. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మోత టపాసులు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. అది దీపావళికి మాత్రమే కాదు. పెళ్లి బరాత్‌కూ, గెలిచిన నాయకుడి ఊరేగింపుకూ వర్తిస్తుంది. 2018 తీర్పులో దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే సమయమిచ్చింది. టపాసుల్లో బేరియం లవణాలనే రసాయనాల వాడకాన్నీ, బారుగా పేలే సరాలనూ, ఆన్‌లైన్ అమ్మకాలనూ నిషేధించింది. ఉల్లంఘన జరిగితే ఆ ప్రాంత పోలీస్ స్టేషన్ అధికారే స్వయంగా బాధ్యుడని కూడా అన్నది. కాబట్టి అర్ధరాత్రి ఆసుపత్రి గోడ పక్కన బాంబులు పేలుతుంటే 100కు ఫోన్ చేయడానికి మొహమాటపడకండి. లోపల బాలింతలుంటారు, గుండె రోగులుంటారు.

అదే తీర్పులో, అందరూ ఒకే చోట కాల్చుకునే ఏర్పాటును పరిశీలించమని కోర్టు ప్రభుత్వాలకు సూచించింది. పల్లెల్లో ఇది ఎంతో తేలిక. సర్పంచులూ, పెద్దలూ, వాములకూ కల్లాలకూ దూరంగా ఒక ఖాళీ స్థలం ఇప్పుడే చూసి పెట్టండి. ఆ సాయంత్రం అక్కడ నీళ్ల ట్యాంకరు నిలబెట్టించండి. రెండు రోజుల ముందే ఊళ్లో చాటింపు వేయించండి.

సెలవు.