గోడ మీది దయ్యం

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు దయ్యాల సినిమాల గురించి మాట్లాడుకుందాం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, సినిమా కంటే ముందే మనల్ని భయపెట్టిన వాటి పోస్టర్ల గురించి. పాత భయానక చిత్రాలంటే నాకు ప్రాణం. 1920లు, 30ల నాటి నలుపు తెలుపు సినిమా ఏదైనా దొరికిందంటే చాలు, అన్నం సంగతి కూడా గుర్తుండదు. వాటి పోస్టర్లంటే ఆ సినిమాల మీద కంటే ఇంకో పిసరు ఎక్కువే ఇష్టం.

మన కడపలో కొత్త సినిమా వస్తోందంటే ముందురోజు రాత్రే గోడలకు పోస్టర్లు పడేవి. సైకిల్ హ్యాండిల్‌కు జిగురు బకెట్టు, వెనక క్యారియర్ మీద పోస్టర్ల కట్ట. మైదాపిండిలో కాస్త మైలుతుత్తం వేసి ఉడకబెట్టిన జిగురు అది. ఆ వాసన ఎరిగినవాళ్లు ఇప్పటికీ మరిచిపోయి ఉండరు. పెద్ద పోస్టర్ ఒకే కాగితంగా రాదు, ముక్కలుగా వస్తుంది. దయ్యాల సినిమాదైతే అంటించేటప్పుడు చూడాలి! ముందు ఒక చెయ్యి వస్తుంది. ఎవరి చెయ్యో తెలీదు. పక్క ముక్క అతికిస్తే పాడుబడిన బంగళా. ముఖం ఇంకా రాలేదు. ఆ ముఖం ఉన్న ముక్కను అతను మడత విప్పి, జిగురు పూసి, గోడకెత్తేలోపు మనమే ఒక ముఖాన్ని ఊహించేసుకుని ఉంటాం. అసలు ముఖం కంటే మనం ఊహించుకున్నదే ఎక్కువ భయపెడుతుంది.

బొమ్మ చూసి భయపడటం మనకు కొత్తేమీ కాదు. చందమామ చదివిన ఇంట్లో పెరిగినవాళ్లను అడగండి. మన కడప జిల్లా బిడ్డ బి. నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు కలిసి 1947లో మొదలుపెట్టిన పత్రిక అది. అందులో బేతాళ కథకు శంకర్ గారు వేసిన బొమ్మ గుర్తుందా? శ్మశానం, చేతిలో కత్తి, భుజం మీద శవం, అడుగు ముందుకు వేస్తున్న విక్రమార్కుడు. నెలనెలా అదే బొమ్మ. నెలనెలా అదే భయం. కథ చదవకుండా ఆ పేజీ తిప్పేసిన పిల్లలు ఎంతమందో!

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పోస్టర్ గురించి చెబుతాను. సినిమా పేరు 'ది మమ్మీ'. మమ్మీ అంటే పాతకాలపు ఈజిప్టులో పాడవకుండా గుడ్డపీలికలు చుట్టి దాచిన శవం. 1932లో అమెరికాలో యూనివర్సల్ కంపెనీ తీసింది. ఈ మధ్య కాలంలో అదే పేరుతో వచ్చిన సినిమాలు కాదు, వాటన్నిటికీ ముందుది. దర్శకుడు కార్ల్ ఫ్రాయిండ్. అంతకుముందు జర్మనీలో పేరు మోసిన కెమెరామెన్. మమ్మీగా వేసింది బోరిస్ కార్లాఫ్. పదేళ్ల ముందే, 1922లో, ఈజిప్టులో టుటన్‌ఖామెన్ అనే పాతకాలపు రాజు సమాధి బయటపడింది. ఆ వార్తల వేడి ఇంకా చల్లారని కాలం అది.

ఆ సినిమాలో మొదటి పది పదిహేను నిమిషాల్లోనే ఒక సీను ఉంటుంది. పురావస్తు తవ్వకాలకు వచ్చినవాళ్ల గది. గోడకు నిలబెట్టిన శవపేటికలో మమ్మీ. టేబుల్ మీద ఒక పెట్టె. దాన్ని తెరవొద్దని పెద్దాయన హెచ్చరించి బయటికి వెళతాడు. కుర్రవాడు ఆగలేడు కదా! తెరుస్తాడు. లోపల పాత తాళపత్రం లాంటి చుట్ట. దాన్ని విప్పి, కాగితం మీద రాసుకుంటూ గుసగుసగా చదవడం మొదలుపెడతాడు. కెమెరా మెల్లగా మమ్మీ వైపు వెళుతుంది. మూసిన కళ్లు సన్నగా తెరుచుకుంటాయి, లోపల చిన్న మెరుపు. గుండెల మీద కట్టి ఉన్న చేతుల్లో ఒకటి నిదానంగా కిందికి జారుతుంది. కుర్రవాడు చూడడు. రాసుకుంటూనే ఉంటాడు. టేబుల్ మీదికి ఒక చెయ్యి వస్తుంది. ఆ చుట్టను పట్టుకుంటుంది. కుర్రవాడు తలెత్తి చూసి ఒక్క కేక పెడతాడు. ఆ తర్వాత నవ్వు మొదలుపెడతాడు. ఆపలేని నవ్వు. మతిపోయిన నవ్వు. అప్పుడు మనకు కనిపించేది ఏమిటి? నేల మీద ఈడ్చుకుపోతున్న గుడ్డపీలికలు, అవి కూడా గుమ్మం దాటి మాయమవుతాయి. అంతే.

మమ్మీ నడవడం మనం చూడనే చూడం. మళ్లీ చెబుతున్నాను, మమ్మీ నడవడం మనకు చూపించనే చూపించరు. ఆ పీలికల వేషం కోసం మేకప్ మ్యాన్ జాక్ పియర్స్ కార్లాఫ్‌ను గంటల తరబడి కూర్చోబెట్టాడు. అంత కష్టపడి చేసిన వేషాన్ని తెర మీద ఆ కాసేపే వాడుకున్నారు. ఆ తర్వాత సినిమా అంతా కార్లాఫ్ మామూలు మనిషిలా, ముడతలు పడిన ముఖంతో కనిపిస్తాడు. అంత ధైర్యం ఈ రోజుల్లో ఎవరికుంది?

ఇక పోస్టర్. హంగరీలో పుట్టి అమెరికాకు వెళ్లిన కారోలీ గ్రోస్ వేశాడంటారు. పీలికలు చుట్టుకుని నిలువెత్తున నిలబడిన మమ్మీ, ముందు ఎర్రటి గౌనులో ఒక స్త్రీ. సినిమా నలుపు తెలుపు, పోస్టర్ మాత్రం మండిపోయే రంగులు. లితో పద్ధతిలో రంగు తర్వాత రంగు అచ్చేసిన కాగితం కాబట్టి ఆ ఎరుపుకు ఒక లోతు ఉంటుంది. మమ్మీ అక్కడ నిలబడి ఉందంతే, కదలదు. సినిమాలోనూ నడిచేది చూపించలేదు, పోస్టర్‌లోనూ లేదు. ఆ నడక మన బుర్రలో జరగాల్సిందే. 1997లో న్యూయార్క్‌లో సోథబీస్ వేలంలో ఈ పోస్టర్ ఒకటి 4,53,500 డాలర్లు పలికింది. ధర సంగతి పక్కన పెడితే, అంతటి పోస్టర్ కూడా ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టే ప్రతుల్లోనే మిగిలింది.

ఎందుకు మిగల్లేదు? గోడకు అంటించడానికే అచ్చేశారు గనక. ఒకదాని మీద ఇంకొకటి అంటించేశారు గనక. అయితే ఆ అంటించడమే ఒక్కోసారి కాపాడుతుంది కూడా. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం బెర్విక్ అనే ఊళ్లో ఒక ఇంటి అటక మీద జిగురుతో అతుక్కుపోయిన పోస్టర్ల దొంతర దొరికింది. జాగ్రత్తగా విడదీస్తే 33 తేలాయి. 1931 నాటి 'డ్రాక్యులా' పోస్టర్ కూడా అందులో ఉంది. 2012లో అన్నీ కలిపి 5 లక్షల డాలర్లకు పైగా పలికాయి.

మన అటకల మీద ఏముందో మనకు తెలుసా? ట్రంకు పెట్టెల అడుగున పరిచిన కాగితం, పుస్తకాలకు వేసిన అట్ట, థియేటర్లో పనిచేసిన తాతగారి సంచి, ఇవన్నీ ఒకసారి చూడండి. మద్రాసులో గీసి, శివకాశిలో అచ్చేసిన పోస్టర్లు మన ఊళ్లకూ వచ్చాయి. దయ్యాల సినిమావే కానక్కర్లేదు, ఏవైనా సరే.

దొరికితే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. చిరిగిందని సెల్లో టేపు వేయకండి. ఆ టేపు కొన్నేళ్లకు పసుపు రంగుకు తిరిగి, దాని బంక కాగితంలోకి ఇంకిపోతుంది. తీయబోతే బొమ్మ కూడా ఊడొస్తుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేయిస్తే ఆ కాగితాన్ని మళ్లీ బయటికి తీయలేం. చిరుగును చిరుగులాగే ఉంచండి. మడతలు బలవంతంగా సాగదీయకండి. ఎండ, తేమ తగలని చోట, రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పరిచి పెట్టండి. అది ఏ ఊళ్లో, ఏ థియేటర్ దగ్గర దొరికిందో మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసి ఉంటే ఈ రోజే అడిగి, వెనక వైపు ఒక మూల పెన్సిల్‌తో రాసిపెట్టండి. పెన్నుతో వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది.