నీళ్లు మడి నడుమ పోద్దాం

అందరికీ నమస్కారం.

మొక్కలకు మనం నీళ్లు పైనుంచే పోస్తాం. పై మట్టి తడిసి నల్లబడితే మొక్కకు అందినట్టే అనుకుంటాం. ఎండెక్కేసరికి ఆ తడిలో చాలా భాగం ఆవిరైపోతుంది. రోజూ పైపైన తడిపితే వేళ్లూ పైపైనే పాకుతాయి. అప్పుడు ఒక్కపూట నీళ్లు తప్పినా మొక్క తల వాల్చేస్తుంది. కీహోల్ గార్డెన్ అనే గుండ్రటి ఎత్తు మడి ఈ అలవాటును మారుస్తుంది. ఇందులో నీళ్లు మడి మధ్యలో పోస్తాం. అవి లోపలినుంచి నాలుగు వైపులా ఇంకుతాయి, వాటిని వెతుక్కుంటూ వేళ్లు లోతుకు దిగుతాయి.

ఈ పద్ధతి ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలో పుట్టింది. లెసోతోలో బాగా పాకింది. చుట్టూ దక్షిణాఫ్రికా ఉన్న చిన్న కొండల దేశం అది. అక్కడ పొలాల్లో పైమట్టి వానలకు కొట్టుకుపోతోంది. దానికి తోడు ఎయిడ్స్ వచ్చి, పనిచేసే వయసువాళ్లు మంచాన పడ్డారు. చాలా ఇళ్లలో ముసలివాళ్లు, పిల్లలే మిగిలారు. వంగి తవ్వే ఓపిక లేనివాళ్లు ఇంటి పక్కనే, వంగకుండా నిలబడి కూరగాయలు పండించుకోవాలి కదా. అందుకే ఈ మడి కొలతలన్నీ మనిషి చేతిని, నడుమును చూసి పెట్టినవే. నాకు దీని మీద ఇంత గౌరవం ఉన్నది కూడా అందుకే.

మడి గుండ్రంగా, సుమారు 2 మీటర్ల వెడల్పుతో ఉంటుంది. ఎటు నిలబడినా మధ్యదాకా చెయ్యి అందాలి, అంతకు మించితే మట్టిని తొక్కాల్సి వస్తుంది. ఒక పక్క మనిషి పట్టేంత సందు మధ్యదాకా వదులుతాం. పైనుంచి చూస్తే తాళంకప్ప కన్నంలా కనిపిస్తుంది, కీహోల్ అన్న పేరు అందుకే. గోడకు రాళ్లు, పాత ఇటుకలు, ఏవైనా సరే. ఎత్తు మీ నడుమును బట్టి 60 నుంచి 90 సెంటీమీటర్లు చాలు. మేడ మీద మాత్రం కట్టకండి. తడిసిన మట్టితో ఈ మడి బరువు రెండు టన్నులు దాటిపోవచ్చు.

ఇక అసలు సంగతి, మధ్యలో ఉండే బుట్ట. 30 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పున కర్రలు నిలబెట్టి, చుట్టూ సన్నపుల్లలు అల్లండి, లేదా ఇనుప జాలీ చుట్టండి. అడుగునుంచి మొదలై మట్టికి పైన ఇంకో 30 సెంటీమీటర్లు కనబడాలి. వంటింటి తొక్కలు, ఎండుటాకులు అందులో వేస్తూ, నీళ్లు వాటి మీదనే పోస్తాం. ఆ తుక్కు కుళ్లుతూ తడిని పట్టి ఉంచుతుంది, కుళ్లిన సారం నీళ్లతోపాటు మట్టిలోకి దిగుతుంది. ఒక్క బుట్టతోనే ఎరువు, నీళ్లు రెండూ అందుతాయి. మాంసం, నూనె, ఉప్పు కలిసిన వంటకాలు అందులో వేయకండి. బుట్టకు మూత పెడితే ఆవిరీ తగ్గుతుంది, ఈగలూ ముసరవు.

బుట్ట చుట్టూ అడుగున రాళ్లు, ఇటుక ముక్కలు పరవాలి. వాటిపైన కొమ్మలు, ఎండుగడ్డి, తడిపిన అట్టముక్కలు, పశువుల ఎరువు, కాస్త బూడిద, మట్టి, ఇలా పొరలు పొరలుగా నింపుకుంటూ పోవాలి. పై 20 సెంటీమీటర్లలో మాత్రం మంచి మట్టి, మాగిన కంపోస్టు తప్ప ఇంకేమీ కలపొద్దు. ఎండుతుక్కు అక్కడ ఉంటే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజనిని ముందు తామే తీసేసుకుంటాయి. నారు పసుపు రంగుకు తిరిగి ఎదగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇంకో మాట: పై మట్టి బుట్ట దగ్గర ఎత్తుగా, గోడవైపు వాలుగా ఉండాలి. చదునుగా ఉంచితే అంచున ఉన్న మొక్కలకు తడి అందదు.

నారు నాటిన కొత్తలో పైనుంచి కూడా నీళ్లు పోయక తప్పదు, లేత వేళ్లు ఇంకా లోపలి తడిదాకా పోలేదు. మొక్క నిలదొక్కుకున్నాక పైన తగ్గిస్తూ, బుట్టలో పెంచుతూ పోండి. మట్టి మీద ఎండుగడ్డి కప్పితే ఇంకా మంచిది. పాలకూర, ఉల్లి, క్యారెట్, బీట్‌రూట్ దీంట్లో బాగా వస్తాయి. చెట్లుగా ఎదిగేవాటిని నాటకండి, వాటి వేళ్లు గోడను తోసేస్తాయి.

వాడిన నీళ్ల గురించి చాలామందికి టెన్షన్ ఉంటుంది. కూరగాయలు కడిగిన నీళ్లు నిక్షేపంగా పోయొచ్చు. సబ్బు కొద్దిగా కలిసిన స్నానం నీళ్లూ ఫర్వాలేదు. కానీ వాటిని బుట్టలోనే పోయండి, పచ్చిగా తినే ఆకుల మీద పడనివ్వకండి. నిలవ ఉంచితే కంపు కొడతాయి, ఏ రోజువి ఆ రోజే పోసేయండి. బ్లీచింగ్ కలిసినవి, పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ఉతికినవి అసలు వద్దు. బట్టల పౌడర్లలో సోడియం ఎక్కువ, అది పేరుకుంటే మట్టి గట్టిపడి నీళ్లు ఇంకవు.

లోపలి తుక్కు కుళ్లేకొద్దీ మడి దిగబడుతుంది. కంగారు పడకుండా పంటకీ పంటకీ మధ్య మట్టి, కంపోస్టు కలిపి నింపండి. కొన్నేళ్లకు బుట్ట కర్రలు పుచ్చినా మడి విప్పనక్కర్లేదు. లోపల తయారైన కంపోస్టును తోడి మడి మీద పరిచి, ఆ ఖాళీలో కొత్త బుట్టను దించితే సరిపోతుంది.