మావాడు టైప్ 3 అండీ!

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికీ, కార్యవర్గానికీ, పొద్దున్నే లేచి పులిహోర కలిపినవారికీ... పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, క్షమించండి.

డెన్వర్లో ఉన్నాం గనక మంచు పడగానే పిల్లల్ని కొండకి తీసుకెళ్తాం. వాళ్ల హెల్మెట్ల గురించి చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను, ముందు నా గోడు వినండి. శని, ఆదివారాల్లో నేను స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్లకి తగిలించుకునే పొడవాటి పలకలు, అద్దెకిచ్చే కొట్టులో బైండింగులు సరిచేస్తుంటాను.

బూటును స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. పిల్లాడు పడ్డప్పుడు అది బూటును వదిలెయ్యాలి. వదలకపోతే స్కీతో పాటు కాలూ మెలిపడి, మోకాలి కింద ఎముక విరుగుతుంది. ఎంత బిగించాలో మా ఇష్టం కాదు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు, ఈ ఐదూ పట్టికలో చూసుకుని బిగిస్తాం. ఆ ఐదోది ఫారంలో మీరు రాసేదే. నిదానంగా వెళ్లేవాళ్లు టైప్ 1, నిటారు వాలుల్లో దూకుడుగా వెళ్లేవాళ్లు టైప్ 3.

మొన్న మనవాళ్లే ఒకాయన వచ్చారు. ఆరేళ్ల బాబుకి టైప్ 3 రాశారు. "ఇదివరకు చేశాడాండీ?" అన్నాను. "ఇదే మొదలు. కానీ మావాడు ఏదైనా ఇట్టే పట్టేస్తాడండీ!"

అయ్యా, అది ర్యాంకు కాదు! 3 రాస్తే బైండింగ్ ఇంకా బిగుస్తుంది, పడితే ఓ పట్టాన వదలదు. పక్కన తల్లిగారేమో దిష్టి తగులుతుందని బరువు నాలుగు పౌండ్లు తగ్గించి చెప్పారు. అలా తగ్గిస్తే మలుపు తిరుగుతుండగానే స్కీ ఊడొస్తుంది. ఆయన పెంచుతారు, ఆవిడ తగ్గిస్తారు, నేనేం బిగించను?

అన్నయ్య స్కీలు తమ్ముడికివ్వండి, మన ఇళ్లలో చొక్కాలు అలాగే దిగాయి. బైండింగ్ మాత్రం కొట్టులో మళ్లీ సరిచేయించండి. వచ్చే ఏడాదికీ సరిపోతాయని పెద్ద బూట్లు కొనకండి, లోపల పాదం కదిలితే స్కీ మాట వినదు.

హెల్మెట్ సంగతి. నవ్వకండి, మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టిన పిల్లల్ని చూశాను. టోపీ తీసెయ్యండి, తలకి సరిగ్గా పట్టాలి. ఇటలీలో 14 ఏళ్లలోపు వాళ్లకి 2005లోనే తప్పనిసరి చేశారు. మన కొలరాడోలో చట్టం లేదు, అందుకని మానేస్తామా? 2009లో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో, కొత్తవాళ్లు నేర్చుకునే వాలు మీదే పడ్డారు. హెల్మెట్ లేదు. బాగానే ఉన్నానన్నారు. రెండు రోజులకి పోయారు. పిల్లాడు తల తగిలించుకుని "ఏం కాలేదు నాన్నా" అన్నా, ఆ పూటకి మళ్లీ కొండెక్కించకండి. వాంతి, మత్తు, తలనొప్పి ఏది కనిపించినా ఆస్పత్రికి పరుగెత్తండి.

రెండు కాళ్లూ ఒకే పలకకి కట్టుకుని జారే స్నోబోర్డు ఉందే, దాని బైండింగులు వాటంతట ఊడవు. పిల్లలు చేతులు ఆనించి పడతారు, మణికట్టు విరుగుతుంది. రిస్ట్ గార్డులు...

చీటీ వచ్చింది, టైమైందట. సరే. ఫారాలు తెచ్చాను, బరువు చూసే మిషనూ తెచ్చాను. భోజనాలకి ముందు పిల్లల్ని ఇటు పంపండి, తల్లిదండ్రులు లైన్లో నిలబడండి.