కనిపించని వేరియబుల్‌కి మూడు ప్రశ్నలు చాలు, రెండు చాలవు

నమస్కారం. స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్, అందరూ ఎస్‌ఈఎం అంటారే, నేరుగా కొలవలేనివాటి మధ్య బంధాలని డేటాలోంచి లెక్కకట్టే పద్ధతి, అది నేర్చుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "సార్, ఫిట్ రావట్లేదు, ఏం చేయాలి?" అంతే. ఫిట్ అంటే మోడల్ డేటాతో ఎంత సరిపోయిందన్నది. "నా మోడల్‌లో ఆ గుండ్రం అసలు ఏంటి?" అని అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు.

ఈరోజు ఆ గుండ్రం సంగతే చూద్దాం. సాఫ్ట్‌వేర్ తెరవం. ఒక కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందు బొమ్మ. ఎస్‌ఈఎం బొమ్మల్లో చతురస్రం అంటే మన డేటాలో ఉన్న కాలమ్. మనం అడిగిన ప్రశ్నకి జనం ఇచ్చిన జవాబు. గుండ్రం అంటే డేటాలో లేనిది. ఫైలంతా గాలించినా ఆ పేరుతో కాలమ్ దొరకదు. దాన్నే లేటెంట్ వేరియబుల్ అంటాం.

పరీక్షల టెన్షన్ తీసుకోండి. దాన్ని స్కేలు పెట్టి కొలవలేం, తూకం వేయలేం. అందుకని మూడు వాక్యాలు రాసి, ఒకటి నుంచి ఐదు దాకా ఎంతవరకు నిజమో చెప్పమని విద్యార్థుల్ని అడిగాం అనుకుందాం. "పరీక్ష ముందు రాత్రి నిద్ర పట్టదు." "ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది." "బాగా వచ్చిన జవాబు కూడా హాల్లో మరిచిపోతాను." నిద్ర, గుండె, జ్ఞాపకం. మూడూ దేనికది వేరు. అయినా ఒకదానికి ఐదు పెట్టినవాళ్లు మిగతావాటికీ నాలుగో ఐదో పెడుతున్నారు. ఎందుకలా? వెనక ఒకే టెన్షన్ ఉండి మూడింటినీ కదిలిస్తోందని మన ఊహ. ఊహేనండీ. ఇంకా ఏదీ రుజువు కాలేదు.

ఇప్పుడు లెక్క. రెండు ప్రశ్నల జవాబులు ఎంత కలిసి కదులుతున్నాయో చెప్పే అంకెని సహసంబంధం, అంటే కోరిలేషన్ అంటాం. మొదటి ప్రశ్నకీ రెండోదానికీ సహసంబంధం 0.56. మొదటిదానికీ మూడోదానికీ 0.48. రెండోదానికీ మూడోదానికీ 0.42. చేతిలో ఉన్నవి ఈ మూడు అంకెలే.

ఒక్కో ప్రశ్నకి టెన్షన్‌తో ఉన్న బంధం బలాన్ని లోడింగ్ అంటాం. మన ఊహే నిజమైతే, రెండు ప్రశ్నల మధ్య సహసంబంధం వాటి లోడింగుల లబ్ధం అవ్వాలి. ఎందుకంటే నిద్ర దగ్గర బయలుదేరి గుండె దడ దాకా పోవాలంటే టెన్షన్ మీదుగానే పోవాలి. అడ్డదారి లేదు.

అలాగైతే 0.56ని 0.48తో గుణించండి. 0.2688. దాన్ని 0.42తో భాగించండి. 0.64. అందులో రెండో లోడింగు, మూడో లోడింగు పైనా కిందా కొట్టేసుకుపోయాయి, మొదటి లోడింగు వర్గం మాత్రం మిగిలింది. వర్గమూలం తీస్తే 0.8. ఇక 0.56ని 0.8తో భాగిస్తే రెండో లోడింగు 0.7. 0.48ని భాగిస్తే మూడోది 0.6.

డేటాలో లేనిదానితో బంధం ఎంతో డేటాలోంచే లాగాం. నేను ఈ లెక్క చూసేటప్పటికే రెండేళ్లు మౌస్‌తో బాణాలు గీసి ఉన్నాను. సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. పది నిమిషాల పని, మొదటి రోజే చూపిస్తే ఏం పోయేది?

మొదటి లోడింగు వర్గం 0.64 కదా. అంటే నిద్ర ప్రశ్న జవాబుల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 64 శాతం టెన్షన్ వల్ల. మిగిలిన 36 శాతం ఆ ప్రశ్న సొంత గొడవ. ఒకరికి ఆ వారం జలుబు చేసి ఉండొచ్చు, ఇంకొకరు వాక్యం సరిగ్గా చదవకుండానే టిక్కు పెట్టి ఉండొచ్చు. ఈ 36 శాతాన్ని ఎర్రర్ అంటాం. చతురస్రం పక్కన చిన్న బాణంతో గుచ్చుకుని ఉండేది ఇదే.

మనస్తత్వ శాస్త్రంలో ఈ ఆలోచన 1904 నాటిది. చార్లెస్ స్పియర్‌మన్ స్కూలు పిల్లల మార్కులు చూశాడు. ఒక సబ్జెక్టులో ముందున్నవాళ్లు మిగతావాటిలోనూ ముందే ఉంటున్నారు. వెనక ఒక సాధారణ తెలివి ఉందన్నాడు. బాణాల సంగతి ఇంకో చోట పుట్టింది. సీవాల్ రైట్ జన్యుశాస్త్రవేత్త, గినీ పిగ్‌ల వంశాల మీద పనిచేసేవాడు. దేని ప్రభావం దేని మీద ఎంత అని బాణాలు గీసి లెక్కకట్టే పాత్ అనాలిసిస్ అతనిది, 1920 చుట్టుపక్కల. సామాజిక శాస్త్రంలోకి దాన్ని 1960లలో ఓటిస్ డడ్లీ డంకన్ తెచ్చాడు. 1970ల మొదట్లో స్వీడన్‌వాడు కార్ల్ యోరెస్కోగ్ ఆ గుండ్రాన్నీ ఈ బాణాలనీ ఒకే లెక్కలో పెట్టాడు. అతని ప్రోగ్రామే లిస్రెల్. ఇప్పటికీ కొన్నిచోట్ల ఎస్‌ఈఎంని లిస్రెల్ మోడల్ అనే అంటారు.

ఈ రెండు మూలాలు గుర్తుంటే సగం గందరగోళం పోతుంది. మోడల్‌లో ఒక భాగం కొలత, ఇంకో భాగం ప్రభావం. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఈఎం కోసం లావాన్ ప్యాకేజీ వాడేవాళ్లకి రాతలోనే తేడా కనిపిస్తుంది. కొలతకి సమానం గుర్తు, టిల్డా పక్కపక్కన (=~) పెడతాం. ప్రభావానికి టిల్డా ఒక్కటే.

ఇంత కష్టం ఎందుకు, మూడు జవాబులూ కూడి స్కోరు చేస్తే పోలా అంటారు. చేయొచ్చు, చాలామంది చేస్తారు. కానీ కూడినప్పుడు ఎర్రర్ కూడా కలిసిపోతుంది. స్కోరులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఎర్రర్ కాని వాటాని విశ్వసనీయత అంటాం. టెన్షన్ స్కోరు విశ్వసనీయత 0.7, ఆత్మవిశ్వాసం స్కోరు విశ్వసనీయత కూడా 0.7 అనుకోండి. ఆ రెండిటి మధ్య అసలు సంబంధం, ప్లస్సా మైనస్సా అన్న మాట పక్కన పెడితే, 0.5 ఉన్నా మీకు కనిపించేది 0.35. బంధం అంతే ఉంది, మన అద్దం మసకగా ఉంది. ఎస్‌ఈఎం ఆ ఎర్రర్‌ని పక్కకి తీసి గుండ్రానికీ గుండ్రానికీ మధ్య లెక్క చెబుతుంది.

ఇక టైటిల్ సంగతి. రెండు ప్రశ్నలే అడిగితే? చేతిలో ఒక్కటే సహసంబంధం, 0.56. తెలియాల్సిన లోడింగులు రెండు. 0.8 సార్లు 0.7 కూడా 0.56 చేస్తుంది. 0.56 సార్లు 1 కూడా చేస్తుంది. ఏది నిజం? సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. "మోడల్ ఐడెంటిఫై కాలేదు" అని ఎర్ర అక్షరాల్లో వచ్చేది ఇలాంటప్పుడే. మూడు ప్రశ్నలుంటే మూడు అంకెలు, మూడు లోడింగులు, లెక్క కుదురుతుంది. కానీ అక్కడ ఫిట్ అని మురిసిపోకండి. ఎంత తెలియాలో అంతే సమాచారం ఉంది, కాబట్టి ఎప్పుడూ సరిగ్గా సరిపోతుంది. మిగులు లేదు, అంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సున్నా. నాలుగు ప్రశ్నలు పెట్టండి. ఆరు సహసంబంధాలు, నాలుగు లోడింగులు, రెండు మిగులు. ఆ మిగులు ఉంటేనే డేటా మన ఊహని "కాదు" అనగలదు.

మోడల్ చెప్పేదానికీ డేటాకీ ఎంత తేడా ఉందో చూసే టెస్టు కై స్క్వేర్. దాని దగ్గర మాత్రం జాగ్రత్త. మామూలు టెస్టుల్లో పీ వాల్యూ 0.05 కంటే తక్కువొస్తే పండగ చేసుకుంటాం. ఇక్కడ తలకిందులు. తక్కువొచ్చిందంటే మోడల్ డేటాతో సరిపోలేదని అర్థం. పైగా శాంపిల్ పెద్దదైతే చిన్న తేడాకి కూడా అది గగ్గోలు పెడుతుంది. అందుకే ఫిట్‌ని వేరే తీరుల్లో కొలిచే సీఎఫ్ఐ, ఆర్ఎంఎస్ఈఏ, ఎస్ఆర్ఎంఆర్ అనే అంకెలు కూడా చూస్తాం. సీఎఫ్ఐ ఎక్కువుంటే మంచిది, మిగతా రెండూ తక్కువుంటే మంచిది. సీఎఫ్ఐ 0.95 దగ్గర, ఆర్ఎంఎస్ఈఏ 0.06 దగ్గర, ఎస్ఆర్ఎంఆర్ 0.08 దగ్గర అన్న గీతలు 1999లో హూ, బెంట్లర్ రాసిన వ్యాసం నుంచి వచ్చాయి. వాటిని కొందరు శాసనంలా పట్టుకుని కూర్చుంటారు. నేనూ కూర్చున్నాను.

నా మొదటి మోడల్ ఫిట్ రాలేదు. సాఫ్ట్‌వేర్‌లో మాడిఫికేషన్ ఇండెక్స్ అని ఒక పట్టిక ఉంటుంది. ఫలానా రెండు ఎర్రర్ల మధ్య బంధం కలిపితే కై స్క్వేర్ ఇంత తగ్గుతుంది అని చెబుతుంది. ఒకటి కలిపాను. కొంచెం మెరుగైంది. ఇంకోటి కలిపాను. అర్ధరాత్రి దాటేసరికి ఆరు కలిపి సీఎఫ్ఐ 0.95 దాటించాను. మర్నాడు మా గైడ్ బొమ్మ చూసి, ఒక బాణం మీద వేలు పెట్టి, "ఇది ఎందుకుంది?" అన్నారు. నా దగ్గర ఉన్న జవాబు, "అది లేకపోతే ఫిట్ రాదు మేడమ్." ఆవిడ ఏమీ అనలేదు. డేటాని సగానికి చీల్చి, రెండో సగంలో అదే మోడల్ నడపమన్నారు. ఆరింటిలో నాలుగు బంధాలు మాయమయ్యాయి. డేటాలో ఉన్న గాలివాటాన్ని నేను మోడల్ అనుకున్నాను.

ఎర్రర్ల మధ్య బంధం ఎప్పుడూ తప్పే అనడం లేదు. రెండు ప్రశ్నలూ "నాకు ఎప్పుడూ ... అనిపించదు" అని వ్యతిరేక వాక్యాలుగా రాసి ఉంటే, ఆ రాత తీరు వల్లే జవాబులు కొంచెం కలుస్తాయి. అది చెప్పుకోదగ్గ కారణం. కారణం ముందు ఉండాలి, పట్టిక తర్వాత.

బాణం దిశ ఇంకా పెద్ద చిక్కు. టెన్షన్ నుంచి మార్కులకి బాణం గీసి మోడల్ నడపండి. కై స్క్వేర్ రాసుకోండి. ఇప్పుడు ఆ ఒక్క బాణాన్ని తిప్పి, మార్కుల నుంచి టెన్షన్‌కి గీయండి. మిగతాదేమీ కదపొద్దు. అదే కై స్క్వేర్, చివరి దశాంశం దాకా. వీటిని ఈక్వివలెంట్ మోడల్స్ అంటారు. మార్కులు ముందే తగ్గి దానివల్ల టెన్షన్ పెరిగిందా, టెన్షన్ వల్ల మార్కులు తగ్గాయా అన్నది ఒకే రోజు తీసిన సర్వే చెప్పలేదు. బాణం మీరు గీశారు, దాని పూచీ మీదే.

గుండ్రం నుంచి చతురస్రానికి పోయే బాణానిది కూడా ఇదే కథ. టెన్షన్ పెరిగితే నిద్ర పోతుంది, సరే. కానీ జీవితంలో ఒత్తిడి కొలవాలని ఉద్యోగం పోవడం, విడాకులు, ఆప్తుల మరణం అని మూడు చతురస్రాలు పెట్టారనుకోండి. ఒత్తిడి పెరిగితే ఆప్తులు చనిపోతారా? చనిపోతే ఒత్తిడి పెరుగుతుంది. బాణం లోపలికి ఉండాలి, మనం బయటికి గీశాం. ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవాల్సిన పని కూడా లేదు. సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోదు. నోరు తెరిచి వాక్యం బయటికి చదివితే మీరు పట్టుకుంటారు.

వచ్చే వీడియోలోపు ఒక లెక్క చేయండి. మూడు సహసంబంధాలు, అదే వరుసలో: 0.72, 0.60, 0.40. మొదటి లోడింగు వర్గం కట్టండి. కాలిక్యులేటర్ పాడైందనుకోకండి, 1.08 సరైన జవాబే. అంటే ఒక ప్రశ్నలో 108 శాతం టెన్షన్, ఎర్రర్ వేరియన్స్, అంటే ఎర్రర్ వాటా, మైనస్ 0.08. దీన్ని హేవుడ్ కేస్ అంటారు. శాంపిల్ చిన్నదై ఉండొచ్చు. మొదటి ప్రశ్నకి మిగతా రెండిట్లో ఒకదానితో టెన్షన్ కాకుండా ఇంకో అడ్డదారి ఉండొచ్చు. చాలామంది ఆ మైనస్‌ని సున్నాకి బిగించేసి ముందుకు పోతారు. మీరు మాత్రం ప్రశ్నల కాగితం బయటికి తీసి, ఆ వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి మళ్లీ చదవండి.