మన్యం పోరాటం: పోడు కోసమా, స్వరాజ్యం కోసమా?

యాంకర్: నమస్కారం, చర్చకి స్వాగతం. 1922 మన్యం తిరుగుబాటు గురించి మాట్లాడుకుందాం. మనతో చరిత్ర లెక్చరర్ గారు, ఏజెన్సీలో పనిచేస్తున్న టీచర్ మేడమ్ ఉన్నారు. సార్, సూటిగా అడుగుతున్నా, అది స్వతంత్ర పోరాటమా, అడవి గొడవా?

లెక్చరర్: రెండూ వేరు ఎట్లా అవుతాయండీ? 1882 అటవీ చట్టంతో పోడు, అంటే అడవిలో చెట్లు కొట్టి సాగు చేసుకోవడం, నేరమైపోయింది, కట్టెపుల్ల తెచ్చుకోవాలన్నా గార్డుకి మామూలు ఇచ్చుకోవాలి. దాని మీద గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు పనికి జనాన్ని బలవంతంగా తోలి, కూలి కూడా సరిగా ఇవ్వకుండా చేయించాడు. అడవి ఎవడి చేతుల్లో ఉండాలి అనేదే కదా అక్కడ ప్రశ్న, అది రాజ్యం గురించిన ప్రశ్నే.

టీచర్: సార్, నేను ఒప్పుకుంటాను గానీ ఒకటి కలపాలి. అందరూ అల్లూరి సీతారామరాజు గారితోనే కథ మొదలుపెడతారు. ఆయనంటే మాకు ప్రాణం, అందులో అనుమానమే లేదు. కానీ ఆయన రావడానికి నలభై ఏళ్ళ ముందే 1879లో గోదావరి ఏజెన్సీలోని రంప ప్రాంతం మండిపోయింది కదా, అప్పుడు అక్కడ పెత్తనం చేసే మన్సబుదారు దోపిడీ, కల్లు మీద పన్ను. అప్పుడు ముందుండి పోరాడిన కారం తమ్మన్నదొర పేరు ఎంతమంది పిల్లలకి తెలుసు చెప్పండి? రాజు గారు అడుగుపెట్టేసరికే నిప్పు ఉందిక్కడ, తాతలు చెప్పిన మాటల్లో ఉంది.

యాంకర్: మరి రాజు గారు కొత్తగా తెచ్చింది ఏంటి?

లెక్చరర్: ఒక క్రమం తెచ్చారు. మొదట గాంధీగారి దారిలోనే ఖద్దరు కట్టమన్నారు, తాగుడు మానమన్నారు, తగాదాలు కోర్టుకి పోకుండా పంచాయతీలో తేల్చుకోమన్నారు, ఆ తర్వాత బలం లేకుండా స్వరాజ్యం రాదని తేల్చుకున్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజులు. 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు వాళ్ళ చేతికొచ్చాయి, తీసుకున్నవి స్టేషన్‌లోనే రాసిపెట్టి సంతకం చేసి మరీ వెళ్ళారు, దొంగతనం అనుకోకూడదని. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న తిరుగుబాటు నాయకుడు వీరయ్యదొరని విడిపించారు.

టీచర్: దామనపల్లి కూడా చెప్పండి సార్.

లెక్చరర్: ఆఁ, సెప్టెంబర్ 24, దామనపల్లి ఘాట్. పోలీసు బలగం ఘాట్ ఎక్కుతుంటే ముందు నడిచే మన దేశం వాళ్ళని పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికార్లని కాల్చేశారు. నాకు ఎప్పుడు చదివినా ఒళ్ళు గగుర్పొడుస్తుంది, ఎందుకంటే అంత కోపంలో కూడా ఎవరిని కాల్చాలి ఎవరిని కాల్చకూడదు అన్న లెక్క తప్పలేదు వాళ్ళు. ఆ తర్వాతే ప్రభుత్వానికి భయం పట్టుకుంది, ముందు మలబార్ పోలీసుల్ని దించారు, చాలక అస్సాం రైఫిల్స్‌ని తెచ్చారు.

యాంకర్: అంత బలగం వచ్చినా దాదాపు రెండేళ్ళు నిలబడ్డారంటే?

టీచర్: ఊళ్ళు అన్నం పెట్టాయి కాబట్టి. అన్నం పెట్టినందుకు పోలీసులు ఊళ్ళ మీద పడ్డారు, కేసులు పెట్టారు, అయినా ఊళ్ళు అన్నం పెట్టడం మానలేదు. ఆ గంజి పోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ లేవు, నాకు బాధంతా అదే. రాజు గారి ముఖ్య అనుచరుడు గాం గంటందొర బాస్టియన్‌తో గొడవపడి మునసబు పని పోగొట్టుకున్న మనిషి, చివరిదాకా నిలబడ్డాడు. 1924 మే 7న రాజు గారిని మంప దగ్గర పట్టుకుని కొయ్యూరులో చెట్టుకి కట్టేసి కాల్చారు, విచారణ లేదు ఏమీ లేదు. అక్కడితో అయిపోయిందని పుస్తకాలు ముగించేస్తాయి, కానీ గంటందొర ఆ తర్వాత కూడా పోరాడి జూన్‌లో చనిపోయాడు.

యాంకర్: ఆయన తమ్ముడు మల్లుదొర సంగతి?

టీచర్: జైలుకి పోయి బతికి బయటికొచ్చాడు. 1952లో దేశానికి మొదటి ఎన్నికలు జరిగితే విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడండీ! తెల్లదొరల మీద తుపాకీ పట్టిన మనిషి ఢిల్లీలో ఎంపీగా కూర్చున్నాడు. 2022లో పాడేరు కేంద్రంగా జిల్లాకి అల్లూరి పేరు పెట్టారు, సంతోషమే. మల్లుదొర, గంటందొరల పాఠం కూడా మా బడి పుస్తకంలోకి రావాలి, నేను అడిగేది అదొక్కటే.

లెక్చరర్: తమ్మన్నదొరతో కలిపి అడగండి మేడమ్, నేనూ సంతకం పెడతా.

యాంకర్: చిన్న బ్రేక్ తర్వాత 1879 రంప గురించి వివరంగా మాట్లాడదాం.