ఆర్‌ఎక్స్ 580 కొనేముందు ఈ నంబర్ చూడండి

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 580. 2017 ఏప్రిల్‌లో వచ్చిన గ్రాఫిక్స్ కార్డు. టేబుల్ మీద ఇంకోటి ఉంది చూడండి, దాని మీద కూడా 580 అనే ఉంది. కానీ ఈ రెండూ ఒకటి కావు. ఆ రెండోది మా తమ్ముడి కోసం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటికి తెచ్చి సిస్టమ్‌లో పెట్టాక గానీ అసలు సంగతి తెలియలేదు. వాడు ఆర్నెల్లు దాచుకున్న డబ్బు అది. మీలో ఎవరికీ అలా జరగకూడదనే ఈ వీడియో.

ముందు జీపీయూ-జడ్ తెరుద్దాం. కార్డు వివరాలు చూపించే, ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్. తెరవగానే బోలెడు గడులు కనిపిస్తాయి, కంగారు పడకండి. షేడర్స్ అని రాసి ఉన్న గడి ఒక్కటి వెతకండి. బొమ్మ గీయడానికి లెక్కలు చేసే చిన్న భాగాలు కార్డులో ఎన్నున్నాయో అది చెప్తుంది. ఈ మొదటి కార్డుకి 2304 చూపిస్తోంది. ఇది అసలైన 580. ఇప్పుడు కంప్యూటర్ ఆపి రెండోది పెడతాను... ఇదిగో, 2048.

ఎందుకిలా? 580లో 36 కంప్యూట్ యూనిట్లు, అంటే షేడర్ల గుంపులు, ఉంటాయి, ఒక్కోదానిలో 64 షేడర్లు. ఈ రెండో రకంలో 32 యూనిట్లే పనిచేస్తాయి. 2018 అక్టోబర్‌లో చైనా మార్కెట్‌లోకి 'ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ' అనే పేరుతో వచ్చింది. నిజానికి ఇది 580కి ఒక మెట్టు కింద ఉండే ఆర్‌ఎక్స్ 570కి తోబుట్టువు లాంటిది. చెడ్డ కార్డు అనను. 570 ధరకి ఇస్తే హాయిగా తీసుకోండి. కానీ అమ్మేటప్పుడు పేరులో ఆ చివరి ముక్క చెప్పకుండా 580 ధర అడుగుతారు, అక్కడే మోసపోతాం.

అదే తెరలో మెమరీ వివరాలు కూడా చూద్దాం. అసలైన 8 జీబీ కార్డులో బస్ విడ్త్, అంటే మెమరీకి వెళ్లే దారి వెడల్పు, 256 బిట్లు, ఒక్కో బిట్ దారిలో సెకనుకు 8 గిగాబిట్లు. 256ని 8తో గుణించి, బైట్లలోకి మార్చడానికి మళ్లీ 8తో భాగిస్తే సెకనుకు 256 గిగాబైట్లు. దీనికి పోటీగా నిలిచిన ఎన్‌విడియా జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డుకి ఈ వేగం 192. ఇన్నేళ్ల తర్వాత కూడా 580ని జనం అడుగుతున్నారంటే ఈ వేగం, ఆ 8 జీబీ మెమరీ పెద్ద కారణాలు. 4 జీబీది కూడా ఉంది. ఎంత తక్కువకి వచ్చినా నేనైతే వద్దనే చెప్తాను, కొత్త ఆటల టెక్స్‌చర్లకి, అంటే వస్తువుల మీద కనిపించే బొమ్మలకి, అది చాలదు.

ఇక మైనింగ్ సంగతి, అంటే కార్డులతో క్రిప్టో కరెన్సీ సంపాదించడం. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్, గ్రాఫిక్స్ కార్డులతో అవసరం లేని పద్ధతికి మారిపోయింది. అప్పటిదాకా రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు కుప్పలుగా బయటికొచ్చాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన కార్డు పాడైనట్టు కాదు. ఫ్యాన్లు చేత్తో తిప్పి చూడండి, గరగరమనకూడదు, ఊగకూడదు. తర్వాత బయోస్, అంటే కార్డు ఎలా పనిచేయాలో చెప్పే, కార్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్. మైనింగ్ కోసం దాన్ని మార్చి ఉంటే డ్రైవర్ సరిగా ఎక్కకపోవచ్చు, డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 కనిపించొచ్చు. కొన్ని మోడళ్లలో కార్డు అంచున చిన్న స్విచ్ ఉంటుంది, అది రెండో బయోస్‌కి. కంప్యూటర్ పూర్తిగా ఆపి స్విచ్ అటువైపు జరిపి ఆన్ చేసి చూడండి. స్విచ్ లేకపోతే అదే మోడల్ ఒరిజినల్ బయోస్ ఎక్కించాలి, కానీ ఇప్పుడున్నదాన్ని జీపీయూ-జడ్‌లో సేవ్ చేసుకోకుండా ఆ పని మొదలుపెట్టకండి.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో పరిచయమైన మనిషి దగ్గర కొన్నా, కార్డు మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రామ్‌ని ఒక పావుగంట నడిపించమని అడగండి. మొహమాటం వద్దు. తెర మీద రంగు చుక్కలో గీతలో కనిపిస్తే డబ్బులివ్వకండి. వేడి 80 డిగ్రీలు దాటి ఎక్కుతూనే ఉంటే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, ఆ మాట చెప్పి బేరమాడండి.

ఆటలంటారా, 1080పీలో వాలరెంట్, జీటీఏ 5 లాంటివి బాగా నడుస్తాయి. సైబర్‌పంక్ 2077కి తయారీదారులు చెప్పిన కనీస కార్డుల్లో 580 8 జీబీ ఒకటి, అదీ లో సెట్టింగ్స్‌లో 30 ఫ్రేములకి. వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే రే ట్రేసింగ్‌కి కావాల్సిన హార్డ్‌వేర్ ఇందులో లేదు. అది తప్పనిసరి అనే డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటివాటి కోసం ఈ కార్డు కొనకండి.

కరెంటు మాత్రం గట్టిగానే తాగుతుంది. 185 వాట్లు, ఎక్కువ మోడళ్లలో 8 పిన్ కనెక్టర్. ఏఎండీ చెప్పిన ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై, 500 వాట్లు. అది కూడా పేరున్న కంపెనీదే పెట్టండి.

కార్డుకి ఇచ్చే వోల్టేజ్ తగ్గించి ఈ కరెంటు వాడకం కొంచెం తగ్గించుకోవచ్చు. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో పర్ఫార్మెన్స్, అందులో ట్యూనింగ్. ఇక్కడ నా కార్డుకి చివరి స్టేట్, అంటే అన్నిటికంటే వేగంగా నడిచే మెట్టు, వోల్టేజ్ 1150 మిల్లీవోల్టులు ఉంది. ఒకేసారి కాకుండా 25 చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ ఏదైనా ఆట ఆడి చూస్తూ 1075కి తెచ్చాను. మీ కార్డు 1100 దగ్గరే హ్యాంగ్ అవ్వొచ్చు, అప్పుడు ఒక మెట్టు పైకి వెళ్లి అక్కడే ఆపండి.

ఇప్పుడు మైక్ కార్డు దగ్గర పెడుతున్నాను. ఇది వోల్టేజ్ మార్చకముందు ఫ్యాన్ చప్పుడు... అదే ఆట, అదే చోట, ఇది మార్చాక... హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.