ఇంజనీర్లని తిట్టే సార్లు, ఓపెన్ కాని వాళ్ళ యాప్‌లు

నమస్తే అన్నలూ, అక్కలూ, తిరపతి నుంచి మాట్లాడతా ఉండా. ఈ రోజు టాపిక్ ఏందంటే, పెద్ద పెద్ద టెక్ కంపెనీల సార్లు స్టేజీ ఎక్కినప్పుడో, ఫోన్ తీసి పోస్టు పెట్టినప్పుడో, ఇంజనీర్లకి పని చాతకాదు, కోడ్ అంతా చెత్త అని నోరు పారేసుకుంటా ఉంటారు కదా, ఆ సార్ల సొంత సాఫ్ట్‌వేర్ ఎట్ల నడస్తా ఉండాదో చూద్దాం. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టు ఉంటాది కథ.

ముందు మస్క్. 2022 అక్టోబర్ ఆఖర్లో ట్విట్టర్ కొన్నాడు, నవంబర్ మొదటి వారంలోనే దగ్గర దగ్గర సగం మందిని ఇంటికి పంపేసినాడు, ఆ నెల 13న ఒక పోస్టు పెట్టినాడు: చానా దేశాల్లో ట్విట్టర్ బాగా స్లోగా ఉండాది, సారీ, హోమ్ టైమ్‌లైన్ (యాప్ తెరిస్తే ముందర కనిపించే పోస్టుల వరస) చూపించడానికే యాప్ వెయ్యికి పైగా ఆర్‌పీసీలు చేస్తాది, అవి కూడా సరిగ్గా బ్యాచ్ చేయలేదు, అంటే కలిపి ఒకేసారి పంపలేదు అని. ఆర్‌పీసీ అంటే ఏం లేదు, ఒక ప్రోగ్రామ్ వేరే కంప్యూటర్లో ఉండే ప్రోగ్రామ్‌ని పిలిచి, ఈ పని చేసి పెట్టు అనడం. చదివితే సారీ లాగే ఉంటాది గానీ అది సారీ కాదప్పా, తన దగ్గర పని చేసేవాళ్ళ మీద లోకమంతా చూసేటట్టు వేసిన నింద.

ఆండ్రాయిడ్ యాప్ మీద ఆరేళ్ళుగా పని చేస్తా ఉన్న ఇంజనీర్ ఒకాయన ఆ పోస్టు కిందనే రాసినాడు, ఇది తప్పు అని. మస్క్ ఏమన్నాడు, అయితే కరెక్ట్ నంబర్ నువ్వు చెప్పు, ఆండ్రాయిడ్‌లో ట్విట్టర్ ఇంత స్లో కదా, బాగు చేయడానికి నువ్వేం చేసినావు? ఆయన ఊరికే ఎగరలేదు, మూడు కారణాలు చెప్పినాడు. ఎవురూ పెద్దగా వాడని ఫీచర్లతో యాప్ ఉబ్బిపోయింది, ఏళ్ళ తరబడి స్పీడ్ పక్కన పెట్టి కొత్త ఫీచర్ల వెంట పడినాం, నెట్‌వర్క్ నుంచి జవాబు కోసం కాచుకోవడంలోనే చానా టైమ్ పోతాది. మరుసటి రోజు మస్క్ ఒక ముక్క రాసినాడు, వాణ్ణి తీసేసినా అని. యాప్ యాడ నెమ్మదిస్తా ఉండాదో తెలిసిన మనిషే పోయినాడు చూడండి.

ఇంగ ఇక్కడ మనకి పనికొచ్చే మాట ఒకటుంది. ఆ గొడవలోనే మస్క్ ఇండియా పేరెత్తినాడు: అమెరికాలో రిఫ్రెష్ కావడానికి సుమారు 2 సెకన్లు, ఇండియాలో సుమారు 20, ఆర్‌పీసీల సంఖ్య 1200 అని తన ఇంజనీర్లే కొందరు చెప్పినారు అని. సరే, లెక్క వేద్దాం. మన తిరపతి నుంచి అమెరికా పడమటి తీరం అటూ ఇటూగా 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు పోతాది, అంటే పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు, కేబుల్ తిన్నగా ఉండదు కాబట్టి 250 అనుకోండి. 20 సెకన్లు కావాలంటే అట్లాంటివి 80 ట్రిప్పులు ఒకదాని తర్వాత ఒకటి జరగాల. ఫోనే అట్ల పోయి పోయి వస్తా ఉంటే మస్క్ చెప్పింది కరెక్టే. కానీ ఆ 1200 పిలుపులు డేటా సెంటర్ లోపల సర్వర్లు ఒకదాన్నొకటి పిలుచుకునేవైతే, అవి మిల్లీసెకన్లలో, ఒకేసారి చానా జరిగిపోతాయి, పైగా అమెరికావోడికైనా తిరపతోడికైనా ఆ లోపలి పని ఒకటే కదా, మరి పదింతల తేడా దాని వల్ల ఎట్ల వస్తాది? ఏది నిజమో చెప్పాలంటే ఒక ఫోన్, ఒక ప్రొఫైలర్ (ప్రోగ్రామ్‌లో టైమ్ యాడ పోతా ఉండాదో కొలిచే టూల్), మధ్యాన్నం భోజనానికి ముందే తేలిపోయే పని. ఆ పని చేయకుండా కోట్ల మంది ముందర పంచాయితీ పెట్టుకున్నారు.

తర్వాత ఏమైంది? 2023 మార్చిలో ఒక చిన్న మార్పు వల్ల సైట్‌లో లింకులూ బొమ్మలూ ఆగిపోతే, కోడ్ మరీ పెళుసు, మొత్తం తిరగ రాయాల అన్నాడు. మేలో ఫ్లోరిడా గవర్నర్ డిసాంటిస్‌తో లైవ్ పెడితే, ట్విట్టర్‌లో మాటలు లైవ్‌గా వినిపించే స్పేసెస్ కుప్పకూలింది. జూలై 1న రోజుకి ఇన్నే పోస్టులు చదవాల అని లిమిట్ పెట్టినాడు, డబ్బు కట్టి వెరిఫై అయినోళ్ళకి 6000, మిగతావాళ్ళకి 600, కొత్తగా చేరినోళ్ళకి 300. అప్పుడు ఏ ఇంజనీర్‌ని తిట్టాల, చెప్పండి.

మస్క్ తీసేసిన ఆ ఇంజనీర్ చెప్పిన మూడు కారణాల్లో మొదటి రెండూ కోడ్ రాసేవాడు చేసేవి కాదు, పై నుంచి వచ్చేవి. మొన్న ఎయిర్ బైపాస్ రోడ్డులో టీ అంగడి ముందర కూర్చోని ఒక షాపింగ్ యాప్ ఓపెన్ చేసినా. పేరు చెప్పను, ఆ కంపెనీ పెద్దాయన మన పక్క కాలేజీల్లో చదివిన పిల్లోళ్ళకి కోడింగ్ రాదని మీటింగుల్లో చెప్తా ఉంటాడు. నా ఫోన్ 3 జీబీ ర్యామ్‌ది, పాతది. లోగో తిరిగింది, మళ్ళీ తిరిగింది, తర్వాత పండగ ఆఫర్ అని స్క్రీన్ నిండా బొమ్మ, దాన్ని మూసే ఇంటూ గుర్తు మూలలో కనిపించీ కనిపించకుండా, అది కొడితే లొకేషన్ ఇవ్వు అంటాది, నోటిఫికేషన్లు ఆన్ చెయ్యి అంటాది, ఇంతకీ నాకు కావాల్సింది నా ఆర్డర్ యాడికొచ్చిందో చూసుకోవడం. ఇంటికొచ్చి నెట్‌వర్క్ ట్రాఫిక్ చూస్తే ఆర్డర్ కోసం పోయిన రిక్వెస్టు ఒకటే, దాని ముందర క్యూ కట్టినవన్నీ యాడ్లూ ట్రాకింగూ. ఆ బొమ్మ పెట్టమన్నది ఎవురు సామీ, ఎస్వీ యూనివర్సిటీలో చదివి బెంగుళూరు పోయిన మనోడా? వాడు వద్దు సార్, స్లో అవుతాది అనే ఉంటాడు, గమ్మునుండు అని ఉంటారు.

ఆపిల్ స్టీవ్ జాబ్స్‌దీ ఇదే వరస. 2008లో మొబైల్‌మీ అనే మెయిల్, కాంటాక్టులు ఆన్‌లైన్‌లో సింక్ చేసే సర్వీస్ తుస్సుమంటే టీమ్‌ని కూర్చోబెట్టి చెడామడా తిట్టినాడు, టీమ్ లీడర్‌ని మార్చేసినాడు. అయితే ఐఫోన్ 3జీ, యాప్ స్టోర్, ఇదీ అన్నీ ఒకేసారి వదలడం పొరపాటు అని ఆయనే ఉద్యోగులకి మెయిల్ రాసినాడు, మరి ఆ డేట్ పెట్టింది ఎవురంటా? ఇంగ 2010లో మ్యాక్‌లు క్రాష్ కావడానికి నంబర్ వన్ కారణం ఫ్లాష్ (వెబ్‌సైట్లలో వీడియోలూ ఆటలూ నడిపే అడోబీ సాఫ్ట్‌వేర్) అని అడోబీని బహిరంగంగా ఉతికినాడు, అదే టైములో విండోస్‌లో ఆపిల్ వాళ్ళ పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్ వాడినోళ్ళకి దాని బరువు ఏందో తెలుసు.

మన దేశానికొస్తే ఇన్కమ్ ట్యాక్స్ పోర్టల్. రిటర్నుల ప్రాసెసింగ్ 63 రోజుల నుంచి ఒక్క రోజుకి దించుతాం అని ఇన్ఫోసిస్‌కి 2019లో కాంట్రాక్ట్ ఇచ్చినారు, 2021 జూన్ 7న ఓపెన్ చేసినారు, మరుసటి రోజే ఆర్థిక మంత్రి ట్విట్టర్‌లో కంపెనీని అడగాల్సి వచ్చింది, ఆగస్టులో ఏకంగా సీఈఓని ఢిల్లీకి పిలిపించినారు. 2023లో ఇన్ఫోసిస్ పెట్టినోళ్ళలో ఒకరైన నారాయణమూర్తి గారు మన దేశంలో పని ఉత్పాదకత తక్కువ, కుర్రోళ్ళు వారానికి 70 గంటలు పని చేయాల అన్నప్పుడు నాకు ఆ పోర్టలే గుర్తొచ్చింది. ఆయన అప్పటికి కంపెనీలో లేరు, ఆ మాట కూడా చెప్పాల. కానీ గంటలు పెంచితే పేజీ తొందరగా లోడ్ అవుతాదా? లోడ్ సంగతి మాకు చెప్పక్కర్లేదు, 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు పొద్దున పది గంటలకి ప్రతి తిరపతోడి ఫోనూ మోగతానే ఉంటాది, మీరు లోకల్ కదా, మీకైతే దొరుకుతాయి కదా అని చుట్టాలు. మాకూ అదే క్యూ అమ్మా.

అందరూ ఇట్లే అనను. లినక్స్, గిట్ మొదలు పెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ నోరు మస్క్ కంటే ఘోరం, కానీ ఆయన లినక్స్ మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపలే నడస్తా ఉండాది, కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తు పెట్టుకునే గిట్ ఎంత స్పీడో కోడ్ రాసేవాళ్ళని అడగండి. అంత పనోడు కూడా 2018 సెప్టెంబర్లో నేను మాట్లాడిన తీరు తప్పు అని సారీ చెప్పి, కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. కేసీ మురటోరీ అని ఇంకొక ప్రోగ్రామరు, 2021లో విండోస్ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) స్లో అంటే, నువ్వు చెప్పేది చేయాలంటే పీహెచ్‌డీ అంత పని అని మైక్రోసాఫ్ట్ వాళ్ళు అన్నారు. ఆయన వాదన ఆపేసి రెఫ్‌టర్మ్ అని అట్లాంటి టెర్మినల్‌నే సొంతంగా రాసి, పక్కపక్కన నడిపించి చూపించినాడు. విమర్శ అంటే నాకు అదీ.

అదే ఏడాది జీటీఏ ఆన్‌లైన్ అనే వీడియో గేమ్‌ది ఇంకా బాగుంటాది. గేమ్ లోడ్ కావడానికి ఒకాయనకి ఆరు నిమిషాలు. సోర్స్ కోడ్ చేతిలో లేదు, అయినా తవ్వినాడు. 10 ఎంబీ ఫైల్, అందులో దుకాణం సరుకు 63,000 ఐటెమ్‌లు, ఒక్కో ముక్క చదివినప్పుడల్లా మిగిలిన ఫైల్ మొత్తం పొడవు మళ్ళీ కొలస్తా ఉండాది, ఆపైన ప్రతి ఐటెమూ ముందే ఉందా అని లిస్టంతా వెతకతా ఉండాది. రెండూ సరిచేస్తే ఒక నిమిషం 50 సెకన్లు. ఒక్క డెవలపర్‌కి ఒక రోజు కంటే ఎక్కువ పట్టదు, దయచేసి ఏదో ఒకటి చేయండి అని రాసినాడు, అంతే, ఎవుర్నీ తిట్టలేదు. ఆ గేమ్ తయారు చేసే రాక్‌స్టార్ వాళ్ళు ఆయనకి 10,000 డాలర్లు ఇచ్చి, మార్చిలో అప్‌డేట్ వదిలినారు. వచ్చే వీడియోలో అట్లాంటి ప్రొఫైలర్ ఒకటి మన పాత ఫోన్లో ఎట్ల పెట్టుకోవాలో చూపిస్తా, ఉంటానప్పా.